కన్ను ఎటు పోతే కాలు అటు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ సాయంత్రం మనం ధ్యానించబోయేది సామెతల గ్రంథం 24వ అధ్యాయం మొదటి వచనం. చాలా చిన్న వచనం. "దుర్జనులను చూచి మత్సరపడకుము, వారి సహవాసము కోరకుము." అంతే.

చాలా ఏళ్ల పాటు నేను దీన్ని రెండు ఆజ్ఞలుగా చదివాను. అసూయ పడొద్దు, ఒకటి. చెడు సావాసం వద్దు, రెండు. అసూయ గురించి వేరే ప్రసంగం, స్నేహాల గురించి వేరే ప్రసంగం కూడా విన్నాను. కానీ ఈ రెండు మాటల్నీ జ్ఞాని ఒకే ఊపిరిలో ఎందుకు చెప్పాడన్న ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. వచ్చింది మాత్రం నేను దెబ్బతిన్న తర్వాతే. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు మాటల్ని చూద్దాం. అసూయను మన తెలుగువాళ్లం శరీరంతో చెబుతాం. కళ్లు కుట్టాయంటాం. కడుపుమంట అంటాం. ఒకరి మంచిని చూసి ఓర్వలేక ఒళ్లు మండిపోతోందంటాం. బైబిల్ కూడా దాన్ని శరీరంలోనే చూపిస్తుంది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని, పొద్దుటి నుంచి పనిచేసినవాడిని అడిగే ప్రశ్న గుర్తుందా? "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గ్రీకు మూలంలో అక్కడ ఉన్నది 'నీ కన్ను చెడ్డదా' అన్న మాట. అనువదించినవాళ్లు దాన్ని మనకు తెలిసిన మంటలోకి తెచ్చారు. సామెతలు 14:30 ఇంకా లోపలికి వెళ్తుంది. "సాత్వికమైన మనస్సు శరీరమునకు జీవము, మత్సరము ఎముకలకు కుళ్లు." చర్మం మీద పుండు అందరికీ కనబడుతుంది, మందు రాస్తారు. ఎముక లోపల కుళ్లు ఎవరికీ కనబడదు. మనిషి నడుస్తూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు, ఆరాధనలో పాటలు కూడా పాడుతుంటాడు. ఏదో ఒక రోజు కాస్త బరువు పడగానే విరిగిపోతాడు.

ఇప్పుడు 24:1ని మళ్లీ చదవండి. ఎవరిని చూసి మత్సరపడొద్దంటున్నాడు? దుర్జనులను చూసి. ఇక్కడ మీలో కొందరికి సందేహం రావచ్చు. దుర్మార్గుణ్ణి చూసి ఎవరైనా అసూయపడతారా, వాణ్ణి అసహ్యించుకుంటారు గానీ? అలా అనిపించడం సహజం. కానీ మనం వాడి దుర్మార్గాన్ని చూసి అసూయపడం. దాని వల్ల వాడికి దక్కినదాన్ని చూసి పడతాం. అబద్ధం ఆడి పైకొచ్చినవాడి అబద్ధం మనకు అక్కర్లేదు, ఆ పైకి రావడం కావాలి. అందుకే ఆ వచనంలో రెండో సగం ఉంది. దక్కినదాని మీద కన్ను పడ్డాక, అది ఎలా దక్కిందో నేర్చుకోవాలని మనసు పీకుతుంది. నేర్చుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి. కన్ను ముందు పోతుంది, కాలు దాని వెనక పోతుంది.

సామెతల గ్రంథంలో తండ్రి కొడుకుకు చెప్పే మొట్టమొదటి హెచ్చరిక ఏంటో తెలుసా? అది సహవాసం గురించే. ఒకటో అధ్యాయం పదో వచనం. "నా కుమారుడా, పాపులు నిన్ను ప్రేరేపింపగా ఒప్పకుము." ఆ తర్వాత ఆ గుంపు ఎలా పిలుస్తుందో తండ్రి అచ్చం వాళ్ల గొంతుతోనే వినిపిస్తాడు. మాతో రా, మంచి సొత్తు దొరుకుతుంది, మన ఇళ్లు నింపుకుందాం అని చెప్పి, చివరికి ఒక మాట అంటారు: "మనకందరికిని సంచి ఒక్కటే." ఈ మాట దగ్గర ఆగండి. సొత్తు ఆశ ఒక్కటే అయితే చాలామంది కుర్రవాళ్లు పోరు. కానీ 'నువ్వూ మాలో ఒకడివి, నీదీ మాదీ ఒకే సంచి' అనేసరికి ఒంటరిగా ఉన్నవాడు కరిగిపోతాడు. మనలో ఎంతమందిని పాపం కంటే ఆ 'మనం' అన్న మాటే లాక్కుపోయిందో ఎవరి మనసును వాళ్లు అడగాలి. తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని చెడ్డవాళ్ల దగ్గరికి పోవద్దని మందలించే ముందు, మన ఇంట్లో, మన సంఘంలో ఆ బిడ్డకు 'మనం' అన్న మాట వినబడుతోందా అని చూసుకోండి. ఇది మీ మీద కోపంతో అనడం లేదు. నేనూ తండ్రినే.

కన్ను వెనక కాలు ఎలా పోతుందో లోతు కథలో అడుగడుగునా కనబడుతుంది. ఆదికాండము 13వ అధ్యాయంలో లోతు కన్నులెత్తి యొర్దాను మైదానాన్ని చూశాడు. నీళ్లు పారే పచ్చటి నేల. చూడటంలో తప్పేం లేదు. తర్వాత పాపానికి పేరుమోసిన సొదొమ ఊరి దగ్గర డేరా వేశాడు. దగ్గరే, ఊళ్లో కాదు. 14వ అధ్యాయానికి వచ్చేసరికి సొదొమలోనే కాపురం ఉంటున్నాడు. 19లో దూతలు వచ్చేసరికి ఆ ఊరి గవిని దగ్గర, అంటే ఊరి ద్వారం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒక్క రోజులో ఎవరూ సొదొమకు పోరు. మొదటి కీర్తన మొదటి వచనంలోని నడవడం, నిలవడం, కూర్చోవడం గుర్తు తెచ్చుకోండి, లోతు దారీ దాదాపు అదే. ముందు నడుస్తూ ఆ మాటలు వింటాం, తర్వాత ఆగి వింటాం, ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంటాం.

ఇప్పుడు నా సంగతి.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసే చోట ఒక పదవి ఖాళీ అయింది. నాకూ, నాతో పాటే చేరిన మరొకతనికీ అర్హత ఉంది. అతనికి వచ్చింది. అతను దుర్మార్గుడు కాదు, నాకంటే కష్టపడ్డాడేమో కూడా. ఆ రోజు రాత్రి అతనికి మెసేజ్ పెడదామని ఫోన్ తీసుకున్నాను. 'అభినందనలు' అని టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. 'చాలా సంతోషం' అని కలిపాను. అది అబద్ధమని నా వేలికే తెలిసినట్టుంది, దాన్నీ చెరిపేశాను. చివరికి ఒక బొమ్మ పంపించి ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

అప్పటికి అది అసూయ అని నాకు తెలుసు. ప్రార్థనలో ఒప్పుకున్నాను కూడా. నాకు తెలియనిది ఆ తర్వాత జరిగింది. మా ఆఫీసులో మధ్యాహ్నం విరామంలో ఒక మూల కూర్చునే నలుగురు ఉండేవాళ్లు. ఎప్పుడూ ఎవరో ఒకరి గురించి మాట్లాడుకునేవాళ్లు. అప్పటివరకు నేను ఆ మూలకు పోలేదు. ఆ వారం పోయాను. ఎందుకు పోయానో నన్ను నేను అడగలేదు. వాళ్లు అతని గురించి మాట్లాడుతున్నారు. పైవాళ్లను మంచి చేసుకున్నాడని, లోపల ఏదో నడిచిందని. నేను ఒక్క మాట అనలేదు, వింటూ కూర్చున్నాను. హాయిగా అనిపించింది. మర్నాడు కూడా వెళ్లాను. మూడో వారానికి నేనే మొదలుపెట్టాను. అతను నాతో ఎప్పుడో నమ్మకంగా చెప్పుకున్న ఒక ఇంటి విషయం నా నోట్లోంచి ఆ నలుగురి మధ్య పడింది. పడ్డాక తీసుకోలేం కదా.

ఆ సాయంత్రం సామెతలు 24:1, 2 చదివాను. "వారి హృదయము బలాత్కారము చేయ యోచించును, వారి పెదవులు కీడునుగూర్చి మాటలాడును." దుర్జనులెవరో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వాళ్ల పెదవులు అన్న చోట నా పెదవులు కనబడ్డాయి. ఆ నలుగురినీ నా దగ్గరికి ఎవరూ తీసుకురాలేదు. నా అసూయే వాళ్లను వెతికి పెట్టింది. ఆకలైనవాడు తిండి వాసన పట్టినట్టు, మత్సరంతో నిండినవాడు తన మంటకు ఎండు పుల్ల వేసేవాడి వాసన పట్టేస్తాడు.

సౌలు రాజు కథలో ఇదే ఉంది. దావీదు గొల్యాతును కొట్టి తిరిగి వస్తున్నప్పుడు స్త్రీలు వాయిద్యాలతో ఎదురొచ్చి పాడారు. సౌలు వేలకొలది, దావీదు పదివేలకొలది శత్రువుల్ని చంపారని. ఒక్క పాట. "నాటనుండి సౌలు దావీదుమీద విషపు చూపు నిలిపెను" అంటుంది 1 సమూయేలు 18:9. ఇక్కడా కన్నే. ఆ చూపు తర్వాత ఈటె విసరడం వచ్చింది, తరమడం వచ్చింది, మనకు తెలిసిన కథే. కానీ ఆ ఏళ్లలో సౌలు చుట్టూ ఎవరు చేరారో చూడండి. 22వ అధ్యాయంలో గిబియాలో ఒక చెట్టు కింద కూర్చుని ఉంటాడు, చేతిలో ఈటె. చుట్టూ సేవకులు. మీలో ఒక్కడికీ నా మీద చింత లేదు, నా కొడుకు నా శత్రువుతో నిబంధన చేసుకుంటే నాకు చెప్పినవాడే లేడు అని వాపోతాడు. రాజు తన మీద తాను జాలిపడుతున్నాడు. అలా జాలిపడే అసూయపరుడి దగ్గర మాట్లాడటానికి ఎవడు ముందుకొస్తాడు? ఎదోమీయుడైన దోయేగు వచ్చాడు. యాజకుడు దావీదుకు రొట్టె, ఖడ్గం ఇచ్చాడని చెప్పాడు. ఆ ఒక్క కబురుతో, ఆ రోజే, యాజకుల వస్త్రం ధరించిన 85 మంది అదే దోయేగు చేతిలో చనిపోయారు. సౌలు సొంత కావలివాళ్లు యాజకుల మీద చెయ్యి వేయడానికి ఒప్పుకోలేదు. అంటే మంచివాళ్లు ఇంకా అతని పక్కనే ఉన్నారు. కానీ అతని చెవి వాళ్ల దగ్గర లేదు.

మరో అధ్యాయం ముందుకు వెళ్దాం. 23లో జీఫు అనే చోటివాళ్లు వచ్చి దావీదు మా దగ్గరే దాక్కున్నాడు, పట్టిస్తాం అంటారు. సౌలు ఏమన్నాడో వినండి. మీరు నా మీద కనికరపడ్డారు, యెహోవా మిమ్మల్ని ఆశీర్వదించును గాక! మనిషిని పట్టిచ్చేవాడికి దేవుని పేరుతో దీవెన. ఈ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది. అసూయ ముదిరితే మన భక్తి పోదు, భక్తి మాటలు అలాగే ఉంటాయి, అవి ఎవరి మీద పడాలో తెలియకుండా పోతుంది.

అదే 23వ అధ్యాయంలో, అదే జీఫు అరణ్యంలో ఇంకొకడు దావీదు దగ్గరికి వచ్చాడు. సౌలు కొడుకు యోనాతాను. ఈ మనిషి గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. లెక్క ప్రకారం చూస్తే దావీదును చూసి కడుపు మండాల్సింది సౌలుకు కాదు, యోనాతానుకు. సౌలు అప్పటికే రాజ్యం అనుభవించాడు. పోయేది కొడుకు సింహాసనం. అయినా 18వ అధ్యాయంలో యోనాతాను తన దుప్పటి తీసి దావీదుకిచ్చాడు. కత్తి, విల్లు, నడికట్టు కూడా ఇచ్చేశాడు. రాజకుమారుడు తన గుర్తులన్నీ ఒక్కొక్కటిగా విప్పి ఒక గొర్రెల కాపరి ఒంటి మీద పెట్టాడు. ఇప్పుడు అరణ్యంలో, తరుముతున్నది తన తండ్రే అని తెలిసీ, వెతుక్కుంటూ వచ్చి దేవునియందు దావీదును బలపరిచాడు. నువ్వు రాజువవుతావు, నేను నీ తర్వాతివాడినై ఉంటాను అన్నాడు. తండ్రి కన్ను, కొడుకు కన్ను చూసింది ఒకే మనిషిని. ఒక కన్నుకు దోయేగు దొరికాడు. ఇంకో కన్నుకు దావీదు దొరికాడు.

యౌవనస్థులు నన్ను తరచుగా అడుగుతారు, మంచి స్నేహితుణ్ణి ఎలా గుర్తుపట్టాలండీ అని. మనం కష్టంలో ఉన్నప్పుడు వచ్చేవాడు అని అందరం చెబుతాం. నిజమే. కానీ కష్టంలో రావడం కాస్త సులువు, ఎందుకంటే అప్పుడు మనం కింద ఉంటాం. మనం పైకి వెళ్లినప్పుడు ఎవడి ముఖం వెలుగుతుందో చూడండి. రోమా 12:15లో పౌలు ఏడ్చేవాళ్లతో ఏడవడం కంటే ముందు సంతోషించేవాళ్లతో సంతోషించమన్నాడు. నా అనుభవంలో ఆ మొదటిదే కష్టం. ఇంకొకటి కూడా గమనించండి. ఒక మనిషి దగ్గర గంట సేపు కూర్చుని లేచాక, ఆ గంటలో మాట్లాడుకున్న మూడో మనిషి మీద మీ ప్రేమ పెరిగిందా, తగ్గిందా? నా మధ్యాహ్నపు మూలలో అది ప్రతి రోజూ తగ్గింది. సామెతలు 13:20 జ్ఞానుల సహవాసం చేసేవాడు జ్ఞాని అవుతాడంటుంది, జ్ఞానుల ఉపన్యాసాలు వినేవాడని అనలేదు. పక్కన నడవడమే పని చేస్తుంది. 22:24, 25లో కోపిష్ఠితో సహవాసం వద్దనడానికి చెప్పిన కారణమూ అదే. వాడు నిన్ను కొడతాడని కాదు, నువ్వు వాడి మార్గాలు నేర్చుకుంటావని. ప్రాచీన ఈజిప్టులో అమెనెమోపె అనే పెద్దమనిషి పేరు మీద ఉన్న 30 అధ్యాయాల ఉపదేశంలో కూడా తొమ్మిదో అధ్యాయం కోపిష్ఠితో పొత్తు పెట్టుకోవద్దనే మొదలవుతుంది. ఆ కాలపు మనుషులందరికీ తగిలిన దెబ్బే అన్నమాట.

వయసు వస్తే ఈ జాగ్రత్త అక్కర్లేదనుకుంటే రెహబామును చూడండి. రాజైనప్పుడు అతనికి 41 ఏళ్లు. కుర్రవాడు కాదు. పెద్దలు ప్రజల మీద భారం తగ్గించమన్నారు. తనతో పెరిగినవాళ్లు, నా చిటికెన వేలు మా నాన్న నడుము కంటే లావని చెప్పమన్నారు. రెండో మాట చెవికి ఇంపుగా ఉంది. పది గోత్రాలు అతని రాజ్యం నుంచి విడిపోయాయి. సహవాసం గురించి అన్ని సామెతలు చెప్పిన సొలొమోను కొడుకు ఇతను.

ఇక ఒక ప్రశ్న మీ మనసుల్లో తిరుగుతూ ఉంటుంది. యేసు ప్రభువును "సుంకరులకును పాపులకును స్నేహితుడు" అన్నారు కదా, మరి మనం చెడ్డవాళ్లకు దూరంగా ఉండాలా? పౌలు కూడా 1 కొరింథీ 5లో, లోకంలోని పాపులందరినీ విడిచిపెట్టాలంటే మీరు లోకంలోంచే వెళ్లిపోవాలి అంటాడు. కాబట్టి సామెతలు 24:1ని పట్టుకుని పక్కింటివాళ్ల ముఖం మీద తలుపు వేయకండి. అలా చేసినవాళ్లను చూశాను. వాళ్ల భక్తి వాళ్ల ఇల్లు దాటలేదు. సుంకరి, అంటే పన్ను వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లినప్పుడు ఆ ఇంట్లో ధనం నిండా ఉంది. అందులో ఒక్కటీ ప్రభువుకు అక్కర్లేదు. జక్కయ్య దగ్గరున్నది ఆయన కోరలేదు, జక్కయ్యను కోరాడు. అందుకే ఆ బల్ల దగ్గర మారింది జక్కయ్య. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మత్సరం లేనివాడు ఎవరి ఇంటికైనా వెళ్లొచ్చు. మత్సరం ఉన్నవాడికి ప్రార్థన కూటమి కూడా ప్రమాదమే, అక్కడా ఎవరో ఒకరు తనకంటే బాగా పాడుతుంటారు. ఒకరి దగ్గరికి వెళ్తున్నప్పుడు నేను వెళ్తున్నది ఆ మనిషి కోసమా, ఆ మనిషి దగ్గరున్నదాని కోసమా అని గుమ్మం దగ్గరే ఒక్క క్షణం ఆగి అడగండి. ప్రధానయాజకులు యేసును అసూయచేత అప్పగించారని పిలాతుకు తెలుసని మార్కు రాశాడు. ఆ అసూయను మోసింది ఆయనే. మనకు దారి చూపడానికి ఆయన కంటే హక్కున్నవాడు లేడు.

చివరిగా ఆసాపు. దావీదు కాలంలో మందసం ఎదుట కంచు తాళాలు వాయించే గాయకుల పెద్ద. అంటే ఆరాధన నడిపించేవాడు. అలాంటివాడు 73వ కీర్తనలో దాచుకోకుండా ఒప్పుకున్నాడు. భక్తిహీనుల క్షేమం కంటబడి మత్సరపడ్డాను, నా అడుగులు జారబోయాయి అని. చూడండి, మళ్లీ కన్ను, వెంటనే కాలు. వాళ్లు పుష్టిగా ఉన్నారు, నా హృదయాన్ని శుద్ధి చేసుకోవడం వృథా అన్నంత దూరం వెళ్లాడు. కానీ 15వ వచనంలో అతను ఒకటి చేశాడు, నేను చేయలేనిది. ఈ మాటలు బయట ముచ్చటిస్తే దేవుని పిల్లల తరానికి ద్రోహం చేసినవాణ్ణవుతానని నోరు మూసుకున్నాడు. ఏ మూలకూ పోలేదు, నలుగురిని పోగు చేయలేదు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి పోయాడు. నేను నీ సన్నిధిలో మృగంలా ఉన్నానని ఏడ్చాడు. అక్కడే వాళ్ల అంతం కనబడింది, అక్కడే తన పక్కన ఎవరున్నారో కూడా కనబడింది. ఆ కీర్తన అసూయతో మొదలై సహవాసంతో ముగుస్తుంది: "నాకైతే దేవుని పొందు ధన్యకరము." పొందు అంటే తోడు, చెలిమి.

ఆ కీర్తన చదివిన వారంలో నేను అతని దగ్గరికి వెళ్లాను. మూలలో ఏం చెప్పానో చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. క్షమించానని ఆ రోజు అనలేదు. కొన్ని నెలలు పట్టింది. ఆ నెలలన్నీ నేను మధ్యాహ్నాలు ఒంటరిగా కూర్చున్నాను, 73వ కీర్తన తీసుకుని.

మీ బైబిళ్లు తెరవండి. 23వ వచనం నుంచి అందరం నిలబడి కలిసి చదువుదాం. "నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు" అన్న చోట ఆగుదాం. ఎవరి ముఖం గుర్తొచ్చి మీ కన్ను కుట్టిందో ఆ పేరు మౌనంగా ఆయనకు చెప్పండి. తర్వాత ప్రార్థన చేద్దాం.